ఎముకకు రక్తం అందించేదేది, బలం ఇచ్చేదేది? నడక, సైకిల్, గెంతులు, బరువుల మధ్య ఎంపిక

రోజూ గంటసేపు నడిచే మనిషికి ఎముక సాంద్రతను కొలిచే డెక్సా స్కాన్‌లో ఎముక పలచబడిందని తేలితే, ఇన్నాళ్ల నడకా వృథాయేనా అన్న అనుమానం వస్తుంది. వృథా కాదు. కాకపోతే నడక చేసే పని ఒకటి, ఆ స్కాన్ కొలిచేది ఇంకొకటి. వ్యాయామం ఎముకకు రెండు రకాలుగా ఉపయోగపడుతుంది. ఎముకలోకి రక్తం ఎక్కువగా పారేలా చేయడం ఒకటి. ఎముకను కంటికి కనపడనంత కొద్దిగా వంచి, ఇక్కడ బలం కావాలని లోపలి కణాలకు కబురందించడం రెండోది. మొదటి పని దాదాపు ఏ వ్యాయామమైనా చేస్తుంది. రెండోది కొన్నింటికే చేతనవుతుంది. మీకు ఏది కొరవడిందో తెలిస్తే ఏది ఎంచుకోవాలో తేలిపోతుంది.

ఎముకలో రక్తం దారి

గుండె పంపే రక్తంలో సుమారు 5 నుంచి 10 శాతం ఎముకలకే వెళుతుంది. తొడ ఎముకనే తీసుకుంటే, దాని నడిమి భాగంలో ఉన్న సన్నటి రంధ్రం గుండా ప్రధాన ధమని లోపలికి దూరి, మూలుగలో పైకీ కిందికీ చీలుతుంది. అక్కడి నుంచి రక్తం లోపలి నుంచి బయటి వైపు పారుతుంది. గట్టి ఎముక మందంలో లోపలి రెండు వంతులు ఈ ధమని మీదే బతుకుతాయి. బయటి వంతుకు ఎముకను అంటుకుని ఉండే పలచటి పొరలోని నాళాలు రక్తం ఇస్తాయి. కీళ్ల దగ్గరి చివరలకు వేరే చిన్న ధమనులున్నాయి. తుంటి దగ్గర తొడ ఎముక తలకు వచ్చేవి మరీ సన్నవి, వాటికి ప్రత్యామ్నాయమూ తక్కువ. తుంటి విరిగినవాళ్లలో ఎముక తల చచ్చిపోయే ప్రమాదం అందుకే.

గట్టి ఎముకలో పాతుకుని ఉన్న కణాల వరకూ రక్తనాళాలు నేరుగా రావు. ఆ కణాలన్నీ ఒక మైక్రాన్ (మిల్లీమీటరులో వెయ్యో వంతు) కన్నా సన్నటి కాలువలతో ఒకదానికొకటి కలిసి ఉంటాయి, ఆ కాలువల్లో ద్రవం ఉంటుంది. కదలకుండా కూర్చుంటే ఆ ద్రవం దాదాపు నిలిచిపోతుంది. కాలు నేలకు తగిలి ఎముక రవ్వంత వంగినప్పుడు ద్రవం ఒక వైపుకు కదులుతుంది, బరువు తీయగానే వెనక్కి వస్తుంది. ఆ రాపిడి తగిలిన కణం నైట్రిక్ ఆక్సైడ్, ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాలను విడుదల చేస్తుంది. కొత్త ఎముక కట్టకుండా అడ్డుపడే స్క్లెరోస్టిన్ అనే ప్రొటీన్‌ను తగ్గిస్తుంది. నైట్రిక్ ఆక్సైడ్‌కు రక్తనాళాలను వెడల్పు చేసే గుణం కూడా ఉంది కనుక రక్తం పారడం, ఎముక కట్టుకోవడం లోపల ఒకదానికొకటి ముడిపడే ఉంటాయి. ఎముక పెరిగే చోట ఒక ప్రత్యేక రకం సన్నటి రక్తనాళాలు ఉంటాయనీ, ఎముక కట్టే కణాలు వాటి చుట్టూనే గుమిగూడతాయనీ, వయసుతో అవి తగ్గిపోతాయనీ 2014లో ఎలుకల మీద జరిగిన పరిశోధనలు చూపాయి. వ్యాయామం చేయించిన ముసలి ఎలుకల్లో తొడ ఎముక ధమని మళ్లీ బాగా వెడల్పవడం కూడా కనపడింది.

వంగడం అంటే ఎంత? గట్టిగా పరిగెత్తినా మోకాలి కింది పెద్ద ఎముక మారేది తన పొడవులో 0.2 శాతం లోపే. మామూలు నడకలో అంతకన్నా చాలా తక్కువ. ఈ తేడా దగ్గరే వ్యాయామాలు విడిపోతాయి.

రక్తం కోసం ఆయాసపడనక్కర్లేదు

ఫిన్లండ్‌లో పెట్ స్కాన్ సాయంతో మనుషుల తొడ ఎముకలో రక్తప్రవాహాన్ని కొలిచినప్పుడు, కాలిని తేలిగ్గా ఆడించే వ్యాయామానికే అది బాగా పెరిగింది. వ్యాయామం తీవ్రత పెంచుతూ పోతే కండరంలో రక్తం పెరుగుతూనే ఉంది, ఎముకలో మాత్రం అక్కడికే ఆగింది. రక్తప్రసరణ ఒక్కటే లక్ష్యమైతే మాట్లాడగలిగే వేగంతో నడిస్తే చాలు. గుండెకు, షుగరుకు వేగంగా నడవడం మంచిదే. ఎముకలోకి రక్తం రావడానికి మాత్రం అంత వేగం అక్కర్లేదు.

ఇంకొక తేడా ఉంది. కండరం బిగిసినప్పుడు సిరల మీద ఒత్తిడి పడుతుంది, మూలుగలో ఒత్తిడి పెరుగుతుంది, వదలగానే రక్తం బయటికీ లోపలికీ పారుతుంది. అందుకే బిగించి వదిలే కదలికలు (నడక, మెట్లు, పెడల్ తొక్కడం) ప్రసరణకు మంచివి. గోడకుర్చీ వేసి రెండు నిమిషాలు బిగుసుకుని ఉండటం, ప్లాంక్ పట్టి కదలకుండా ఉండటం కండరాలకు మేలు చేస్తాయి కానీ ఆ సమయంలో రక్తప్రవాహానికి అడ్డే. రక్తపోటు ఉన్నవాళ్లకు వీటితో ఇంకో చిక్కు కూడా ఉంది. ఊపిరి బిగబట్టారంటే బీపీ ఒక్కసారిగా పైకి పోతుంది.

మాల్స్‌లో, ఆన్‌లైన్‌లో అమ్మే కాళ్లు వణికించే యంత్రాల వాళ్లు ఎముకల్లో రక్తప్రసరణ పెంచుతామని చెప్తారు. ఎముకలోని రక్తాన్ని కొలిచే మామూలు పరీక్ష ఊళ్లో ఏ ల్యాబ్‌లోనూ లేదు. అది కొలవాలంటే పరిశోధన స్థాయి స్కాన్లు కావాలి. కొన్నవాళ్లు తేడా చూసుకునే దారి లేదు కాబట్టే ఆ మాట అంత ధైర్యంగా చెప్పగలుగుతారు. ఆ డబ్బుతో రెండు జతల డంబెల్స్ వస్తాయి.

నడక, మెట్లు

నడకలో నేల నుంచి కాలికి తగిలే బలం శరీర బరువుకు 1 నుంచి 1.5 రెట్లు. ఎముక ఆ బరువుకు ఎప్పుడో అలవాటు పడిపోయింది. రోజూ నడిచే మనిషి ఇంకో అరగంట పెంచితే ఎముకకు కొత్త కబురేమీ అందదు. అయినా నడకను వదలకూడదు. వదిలితే ఉన్నదీ పోతుంది. అంతరిక్షంలో, బరువే లేని చోట ఉండే వ్యోమగాములు తుంటి ఎముకలో నెలకు 1 నుంచి 1.5 శాతం కోల్పోతారు. మంచం పట్టినవాళ్లలో జరిగేదీ ఆ దారిలోనే.

నడకను ఒకేసారి గంట కాకుండా మూడు ముక్కలుగా, ఒక్కోటి 15 నుంచి 20 నిమిషాలుగా చేస్తే ఎముకకు రోజులో మూడుసార్లు రక్తం జోరుగా అందుతుంది. పొద్దున గంట నడిచి మిగతా పది గంటలు కుర్చీలో ఉండేవాళ్లకు ఈ మార్పు ఎక్కువ ఉపయోగం. అపార్ట్‌మెంట్‌లో రెండు, మూడు అంతస్తుల మెట్లు ఎక్కితే తొడ, పిరుదు కండరాలు గట్టిగా లాగుతాయి, తుంటి మీద బరువూ పెరుగుతుంది. మోకాళ్లు అరిగినవాళ్లకు బాధ దిగేటప్పుడే ఎక్కువ, కాబట్టి వాళ్లు ఎక్కేది మెట్ల మీద, దిగేది లిఫ్ట్‌లో పెట్టుకోవచ్చు.

సైకిల్, ఈత

మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు, బరువు ఎక్కువున్నవాళ్లకు ఇవి ప్రసరణకు చక్కటి దారులు. రక్తం పారడం అన్న లెక్కలో నడకకు తీసిపోవు. ఎముక బలం లెక్కలో రెండూ వెనకబడతాయి, ఎందుకంటే సీటు మీద కూర్చున్నప్పుడు, నీళ్లలో తేలుతున్నప్పుడు ఎముక మోసే బరువు తక్కువ. రోజూ గంటల కొద్దీ రోడ్డు సైకిల్ తొక్కే పోటీదారుల్లో వెన్నుపూసల సాంద్రత తక్కువగా ఉండటం పలు అధ్యయనాల్లో కనపడింది. ఈతగాళ్ల ఎముకలు ఏ ఆటా ఆడనివాళ్ల ఎముకల్లాగే ఉంటాయి. అదే టెన్నిస్ ఆడేవాళ్లలో బ్యాట్ పట్టే చేతి ఎముక రెండో చేతికన్నా లావుగా తయారవుతుంది. మనిషి అతడే, తినే తిండీ అదే, తేడా అంతా ఆ చేయి తిన్న దెబ్బల్లో ఉంది.

సైకిలో, ఈతో ఇష్టమైతే మానొద్దు. వారానికి రెండు రోజులు బరువులు కలపండి.

గెంతులు, తాడాట

ఎముక బలానికి పెట్టే సమయంతో పోలిస్తే ఇంత లాభం ఇంకెందులోనూ రాదు. పరుగులో కాలికి శరీర బరువుకు 2, 3 రెట్ల బలం తగిలితే, గెంతి దిగినప్పుడు అంతకుమించి తగులుతుంది. బ్రిటన్‌లోని లఫ్‌బరోలో 65 దాటిన ఆరోగ్యవంతులైన మగవాళ్లతో ఏడాదిపాటు రోజూ ఒంటికాలి మీద 50 గెంతులు వేయించి, రెండో కాలితో పోల్చి చూశారు. గెంతిన వైపు తుంటి ఎముక మెరుగ్గా ఉంది. రోజుకు పట్టింది పది నిమిషాల లోపే.

ఎన్ని గెంతులు అన్నదానికన్నా ఎలా గెంతారన్నది ముఖ్యం. ఎముక కణాలు కొన్ని పదుల దెబ్బల తర్వాత స్పందించడం మానేస్తాయి. ఎలుకల్లో 360 దెబ్బలు ఒకేసారి వేసినదానికన్నా, అవే 360ని 90 చొప్పున నాలుగు విడతలుగా, మధ్యలో గంటల విరామంతో వేస్తే ఎక్కువ ఎముక కట్టింది. కణాలు మళ్లీ పూర్తిగా మేల్కొనడానికి సుమారు 8 గంటలు పట్టింది. దీన్నిబట్టి తాడాట ఏకబిగిన వెయ్యి వేయడం గుండెకు కసరత్తే కానీ ఎముకకు మొదటి యాభై, అరవై తర్వాత దండగ. పొద్దున 25, సాయంత్రం 25 వేయడం నయం.

మొదలుపెట్టే వరస ఇలా ఉంటే కాళ్లు తట్టుకుంటాయి. మొదటి మూడు వారాలు వంటగది గట్టు పట్టుకుని మునివేళ్ల మీద లేచి, మడమలను ధబ్బుమని నేలకు దించడం, రోజుకు 20 నుంచి 30. తర్వాత నెల రోజులు రెండు కాళ్ల మీద చిన్న గెంతులు, పదేసి చొప్పున మూడు విడతలు, విడతకూ విడతకూ మధ్య అర నిమిషం. ఆ తర్వాతే ఒంటికాలు. నాలుగైదు సెంటీమీటర్ల ఎత్తు చాలు. దిగేటప్పుడు మోకాలు కొద్దిగా వంగాలి, లోపలికి వాలకూడదు. మరీ మందమైన మెత్తటి అడుగున్న బూట్లు దెబ్బను మింగేస్తాయి. మామూలు బూట్లతో, ఆరిన గచ్చు మీద వేయండి. తడి టైల్స్ మీద వద్దు.

కాన్పుల తర్వాత గెంతితే మూత్రం చుక్కలుగా పడే స్త్రీలు చాలామంది ఉంటారు, చెప్పుకోరు. వాళ్లు కటి కండరాల వ్యాయామాలతో అది సరిచేసుకునేదాకా గెంతుల బదులు బరువులు ఎంచుకోవాలి. మోకాలు బాగా అరిగినవాళ్లకు, వెన్నుపూస ఇదివరకే నలిగినవాళ్లకు గెంతులు వద్దేవద్దు.

బరువులు

ముట్లు ఆగిన స్త్రీలకు, డెక్సాలో టి-స్కోర్ (ఆరోగ్యంగా ఉన్న యువ వయసువాళ్ల ఎముకతో పోల్చి ఇచ్చే అంకె) మైనస్ 1 కన్నా కిందికి వచ్చినవాళ్లకు మొదటి ఎంపిక ఇదే. తేలికపాటి డంబెల్స్‌ను ముప్ఫైసార్లు ఎత్తడం కాదు, బరువు నిజంగా బరువనిపించాలి. ఆస్ట్రేలియాలో లిఫ్ట్‌మోర్ పేరుతో జరిగిన అధ్యయనం 2018లో అచ్చయింది. ఎముక పలచబడిన 101 మంది స్త్రీలలో సగం మంది వారానికి రెండుసార్లు, అరగంట చొప్పున, శిక్షకుల కళ్లముందు, తాము ఒక్కసారి ఎత్తగల గరిష్ఠ బరువులో 85 శాతానికి పైగా ఎత్తారు. ఒక్కో కసరత్తు ఐదేసిసార్లు, ఐదు విడతలు. 8 నెలల తర్వాత వాళ్ల వెన్నెముక సాంద్రత 2.9 శాతం పెరిగింది. ఇంట్లో తేలిక వ్యాయామాలు చేసిన రెండో సగంలో 1.2 శాతం తగ్గింది. పలచబడిన ఎముకతో బరువులెత్తడం ప్రమాదమని భయపెట్టేవాళ్లకు ఇది మంచి జవాబు, శిక్షకుల కళ్లముందు అన్న మాటను మరచిపోనంత వరకూ.

వాళ్లు కూడా మొదటి రోజే 85 శాతానికి పోలేదు, మొదటి నెల పద్ధతి నేర్చుకున్నారు. మీరూ ఖాళీ చేతులతో గుంజీలు, తర్వాత 5 కిలోలు, పద్ధతి కుదిరాక 10 కిలోలు అన్న వరసలో వెళ్లండి. జిమ్ దగ్గర్లో లేకపోతే బియ్యం సంచీ కూడా బరువే. నిండిన 20 లీటర్ల నీళ్ల క్యాన్ 20 కిలోలు దాటుతుంది, కొత్తవాళ్లు దాని జోలికి పోవద్దు. నేల మీది బరువు ఎత్తేటప్పుడు ముందు పిరుదులు వెనక్కి వెళ్లాలి, వీపు నిటారుగా ఉండాలి, బరువు కాళ్లకు ఆనుకున్నంత దగ్గరగా పైకి రావాలి. వీపు గుండ్రంగా వంచి ఎత్తడమే వెన్నుపూసలు నలిగే దారి. ఎత్తేటప్పుడు ఊపిరి వదలండి. విడతల మధ్య రెండు, మూడు నిమిషాలు ఆగండి. ఆ విరామంలోనే బిగిసిన కండరం వదిలి, రక్తం ఎముకలోకి తిరిగి జోరుగా పారుతుంది. ఐదోసారి కూడా సులువుగా లేచిపోతోందంటే వచ్చేసారికి 2 కిలోలు కలపాలి.

ఎక్కడ బరువు పడితే అక్కడే ఎముక స్పందిస్తుంది. గుంజీలు తుంటికి, నేల నుంచి ఎత్తడం వెన్నుకు, తల మీదికి ఎత్తడం భుజానికీ వెన్నుకూ. ఆడవాళ్లు పడ్డప్పుడు ముందుగా విరిగేది మణికట్టు కాబట్టి, గోడకు చేతులానించి చేసే దండీలు కూడా కలపండి.

యోగా

పట్టుకు, పడిపోకుండా నిలదొక్కుకోవడానికి యోగా మంచిది. వృక్షాసనం లాంటివి ముసలివాళ్లకు నిజంగా అవసరం. ఎముక పలచబడినవాళ్లు మాత్రం ముందుకు వంగే ఆసనాల దగ్గర ఆగాలి. వెన్నుపూసలు గుల్లబారిన 59 మంది స్త్రీల మీద అమెరికాలోని మేయో క్లినిక్‌లో జరిగి 1984లో అచ్చయిన చిన్న అధ్యయనంలో, ముందుకు వంగే వ్యాయామాలు చేసినవాళ్లలో 89 శాతం మందికి కొత్తగా వెన్నుపూసలు నలిగాయి. వెనక్కి సాగే వ్యాయామాలు చేసినవాళ్లలో 16 శాతమే. సూర్య నమస్కారంలో పాదహస్తాసనం రెండుసార్లు వస్తుంది. టి-స్కోర్ మైనస్ 2.5 దాటి కిందికి పోయినవాళ్లు దాన్ని వదిలి భుజంగాసనం ఉంచుకోవాలి.

ఈ సలహాలు వర్తించనివాళ్లు

తొడ ఎముక తలకు రక్తం ఆగిపోయి అది చచ్చిపోయే జబ్బులో వ్యాయామం రక్తాన్ని తిరిగి తేలేదు. దీర్ఘకాలం స్టీరాయిడ్లు వాడినవాళ్లలో, మద్యం ఎక్కువగా తాగేవాళ్లలో ఇది వస్తుంది. మన ఏజెన్సీ ప్రాంతాల గిరిజనుల్లో కనపడే సికిల్ సెల్ జబ్బు కూడా ఒక కారణం. గజ్జల్లో నొప్పి, కాలు లోపలికి తిప్పితే బాధ ఉండి ఎక్స్‌రే మామూలుగా ఉన్నా, ఎమ్మారై తీయించుకోకుండా గెంతులు మొదలుపెట్టకూడదు. మెత్తబడిన ఎముక తల ఆ దెబ్బలకు కుంగిపోతుంది.

నల్గొండ, ప్రకాశం జిల్లాల్లో ఫ్లోరైడ్ నీళ్లు ఏళ్ల తరబడి తాగినవాళ్లది ఇంకో చిక్కు. డెక్సాలో వాళ్ల ఎముక సాంద్రత ఎక్కువగా కనపడవచ్చు, ఎముక మాత్రం పెళుసు. స్కోరు బాగుందని బరువులెత్తేయొద్దు. వెన్ను, మెడ బిగుసుకుపోయినవాళ్లకు నడక, స్థిర సైకిల్, తేలిక కదలికలే తగినవి.

విరిగిన ఎముకకు కట్టు ఉన్నప్పుడు బరువు ఎప్పుడు మోపాలన్నది ఆపరేషన్ చేసిన డాక్టరే చెప్పాలి. ఈలోగా వేళ్లు ఆడించడం, కట్టు లోపలే కండరం బిగించి వదలడం ప్రసరణకు సాయపడతాయి. మోకాలి కింది ఎముకలో చివరి మూడో వంతుకు చుట్టూ కండ తక్కువ, రక్తమూ తక్కువ, అందుకే అక్కడ విరిగితే అతకడం ఆలస్యం. ఆ సమయంలో సిగరెట్, బీడీ మానకపోతే ఇంకా ఆలస్యం, పొగ సన్నటి నాళాలను ముడుచుకునేలా చేస్తుంది.

ఎక్కడ చెడుతుంది

ఎక్కువగా చెడేది తొందర వల్ల. కొత్త దెబ్బలు పడ్డప్పుడు ఎముక ముందు పాత భాగాన్ని తొలుస్తుంది, దానికి రెండు, మూడు వారాలు. ఆ గోతిని కొత్త ఎముకతో నింపడానికి మూడు, నాలుగు నెలలు. తొలిచిన చోటు నిండకముందే పరుగు దూరం రెట్టింపు చేస్తే అక్కడే సన్నటి పగులు వస్తుంది. పోలీసు, ఆర్మీ ఎంపికలకు రెండు నెలల ముందు ఒక్కసారిగా పరుగు మొదలుపెట్టే కుర్రాళ్లకు మోకాలి కింది ఎముకలో వచ్చే నొప్పి చాలాసార్లు ఇదే. వేలితో నొక్కితే ఒక్క చోటే చురుక్కుమంటే, పరుగెత్తేకొద్దీ నొప్పి పెరిగితే, కండ నొప్పి అనుకుని నూనె రాయకుండా పరుగు ఆపి చూపించుకోవాలి.

తిండి తగ్గించి వ్యాయామం పెంచడం రెండో తప్పు. బరువు తగ్గాలనే అమ్మాయిల్లో ముట్లు తప్పుతున్నాయంటే ఎముకకూ కోత పడుతున్నట్టే. పెద్దవాళ్లకు రోజుకు 1000 మిల్లీగ్రాముల కాల్షియం కావాలని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ సిఫారసు. పావు లీటరు పాలలో సుమారు 300, వంద గ్రాముల రాగుల్లో 350 అటూ ఇటూ వస్తాయి. విదేశాల్లో, ముఖ్యంగా ఉత్తర అమెరికా, బ్రిటన్ చలికాలాల్లో ఉండే తెలుగువాళ్లకు ఎండ నుంచి విటమిన్ డి దాదాపు రాదు. రక్తపరీక్ష చేయించి లోటు పూడ్చుకోకుండా వ్యాయామం ఒక్కదాని మీదే భారం వేయకూడదు.

ఎవరికి ఏది

ముప్ఫైల్లో, నలభైల్లో కుర్చీ ఉద్యోగం చేసేవాళ్లకు: పూటకో 15 నిమిషాల నడక, రోజూ 50 గెంతులు, వారానికి రెండుసార్లు బరువులు. ముట్లు ఆగి, ఇంకా ఏ ఎముకా విరగనివాళ్లకు: శిక్షకుల దగ్గర బరువులు ముందు, మోకాళ్లు ఒప్పుకుంటే మడమ దించడం తర్వాత, నడక ఎలాగూ. అరవై అయిదు దాటి ఒకసారి పడ్డవాళ్లకు నిలదొక్కుకునే వ్యాయామం అన్నిటికన్నా ముందు. రక్తం, బలం రెండూ ఆ తర్వాతే, ఎందుకంటే తుంటిని విరగ్గొట్టేది ఎక్కువగా పడటమే. మోకాళ్లు ఏదీ ఒప్పుకోనివాళ్లు సైకిల్ తొక్కి, కూర్చుని చేతులతో, వెన్నుతో బరువులు లాగాలి.

ఏది ఎంచుకున్నా మూడు నెలలకే డెక్సా తీయించి నిరాశపడకండి. ఎముక నిండటానికే అంత సమయం పడుతుంది, పైగా ఏడాదికి వచ్చే ఒకటి, రెండు శాతం మార్పు యంత్రపు తేడాలో కలిసిపోగలదు. కనీసం ఏడాది ఆగి, అదే సెంటర్‌లో, అదే యంత్రం మీద తీయించుకోండి, పాత రిపోర్టు చేత పట్టుకెళ్లండి.